చూరు పలక కుళ్ళు

చూరు పలక కుళ్ళు అనగా వాలు కప్పు గల ఇళ్ళలో వాననీటి గట్టరు వెనుకనున్న చెక్క పలకను శిలీంధ్రాలు తినివేయుట వలన కలిగే నష్టం. వాసాల చివరలను కప్పుతూ అమర్చే ఈ పలకను ఫేషియా బోర్డు అంటారు. అమెరికా, కెనడా దేశాలలోని చెక్క ఇళ్ళలో ఇది తరచుగా కనిపించే సమస్య. గట్టరు అడ్డుగా ఉండుట వలన కుళ్ళు చాలాకాలం కంటబడదు.

కారణాలు

కలపలో తేమ సుమారు 28-30 శాతం దాటినపుడు శిలీంధ్రాలు బాగా పెరుగుతాయి. తేమ 20 శాతం లోపు ఉన్న కలప సాధారణంగా కుళ్ళదు. ఆకులు పేరుకొని గట్టరు పూడుకుపోయినపుడు నీరు వెనుకకు పొర్లి పలకను తడుపుతుంది. గట్టరుకు తగిన వాలు లేకపోవుట, కప్పు అంచున నీటిని మళ్ళించే రేకు లేకపోవుట, వదులైన మేకుల రంధ్రాలు, శీతల ప్రాంతాలలో కప్పు అంచున పేరుకొనే మంచుగడ్డ ఇతర కారణాలు.

రకాలు

* గోధుమ కుళ్ళు: సెల్యులోజ్ నశించి కలప గోధుమరంగుకు మారుతుంది, చదరపు ముక్కలుగా పగులుతుంది.
* తెల్ల కుళ్ళు: లిగ్నిన్ కూడా నశించి కలప పాలిపోతుంది, పీచులా మారుతుంది.

పొడి కుళ్ళు అని పేరున్న రకానికి కూడా నీరు అవసరమే.

గుర్తించు విధానం

రంగు పొక్కులు లేచి రాలుట, మరకలు, గట్టరు కుంగుట, మేకులు ఊడివచ్చుట తొలి సూచనలు. స్క్రూడ్రైవరుతో పొడిచినపుడు గట్టి కలప ఆపుతుంది, కుళ్ళిన కలపలోనికి మొన సులభంగా దిగుతుంది. మట్టి గూళ్ళు కనిపించినచో అది చెదల పని.

మరమ్మత్తు

ముందుగా నీరు చేరే మార్గాన్ని మూసివేయాలి; లేనిచో కొత్త పలక కూడా కుళ్ళుతుంది. గట్టరును విప్పి, కుళ్ళిన భాగాన్ని గట్టి కలప వచ్చేవరకు కోసివేయాలి. వాసాల చివరలను తప్పక పరీక్షించాలి. అవి కూడా కుళ్ళినచో గట్టరు బరువుకు కప్పు అంచు కూలే ప్రమాదమున్నది. కొత్త పలకకు కోసిన చివరలతో సహా అన్ని వైపులా ప్రైమరు పూయాలి. కుళ్ళుపై రంగు వేయుట వలన అది ఆగదు, కప్పబడుతుంది. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగులలో సీసం ఉండవచ్చును, కావున వాటిని పొడిగా గీకరాదు.

నివారణ

ఏడాదికి కనీసం రెండుసార్లు గట్టర్లను శుభ్రపరచాలి. తెలుగునాట పెంకుటిళ్ళలో రెండు వాలులు కలిసే మూలన రేకు చిల్లుపడినచో వాసాలు ఇదే విధంగా కుళ్ళుతాయి, కావున వర్షాకాలానికి ముందే ఆ మూలలను పరిశీలించుట మంచిది.