అడ్డపొగ – అంగిలి కేన్సర్: పరిశోధన చరిత్ర

చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకొని పొగ పీల్చే అలవాటే అడ్డపొగ. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డచుట్ట అని కూడా అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. నిప్పు నోట్లో ఉంటుంది కాబట్టి గాలికి ఆరిపోదు, చుట్ట చాలాసేపు వస్తుంది, రెండు చేతులూ పనికి ఖాళీ. చాలామందికి ఇది ఇంట్లో పెద్ద ఆడవాళ్లను చూసి అబ్బినదే.

ఈ అలవాటుకూ కేన్సర్‌కూ ఉన్న లంకెను పట్టించింది పుండు పుట్టిన చోటు. పొగాకు నమిలేవాళ్లలో నోటి కేన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలి పొరకు వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం ప్రపంచమంతటా అరుదు. కోస్తా ఆంధ్ర రోగుల్లో మాత్రం అక్కడే కనిపించేది, అదీ ఎందరో స్త్రీలలో. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్’లో ప్రచురించిన వ్యాసం ఈ అంగిలి కేన్సర్‌కు కారణం నిప్పు లోపల పెట్టి కాల్చే చుట్టేనని చెప్పింది. వేడి, పొగ సూటిగా తగిలేది అంగిలికే మరి.

అయితే ఆసుపత్రికి వచ్చేది జబ్బుపడ్డవాళ్లే. ఊళ్లో ఈ అలవాటు ఎందరికుంది, వారి అంగిలి ఎలా మారింది, అలవాటు లేనివారి అంగిలి ఎలా ఉంది – ఇవన్నీ తెలియాలంటే పల్లెలకు వెళ్లక తప్పదు. 1960లలో ఫలి మెహతా నాయకత్వంలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ దంత పరిశోధకులు ఆ పని చేశారు. కోపెన్‌హాగన్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్ వారితో కలిశాడు. ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. అందులో శ్రీకాకుళం ఒకటి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో కాబట్టి, ఇక్కడ శ్రీకాకుళమంటే పాత జిల్లా అని గుర్తుంచుకోవాలి.

1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్’లో వచ్చిన శ్రీకాకుళం ఫలితాలు ఈ చరిత్రలో మూలస్తంభం. చూసిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవాళ్లే! వాళ్ల అంగిలి మీది మార్పులను పరిశోధకులు ఓపికగా వర్గీకరించారు: పాలిపోయిన, మందమైన తెల్లటి పొర, దాని మీద లాలాజల గ్రంథుల నోళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు, కొందరిలో నల్లమచ్చలు, ఎర్రబారిన చోట్లు, పుండ్లు. కేన్సర్ కంటే ముందే కనబడే ఈ గుర్తుల వల్ల ఆరోగ్య కార్యకర్త నోరు తెరిపించి చూసినా ముప్పును పసిగట్టే వీలు కలిగింది. ఈ పరిశోధన ఇచ్చిన అతి విలువైన ఫలం అదే.

అడ్డపొగ ఒక్క ఆంధ్రదే కాదు. కరీబియన్ దీవులు, పనామా, వెనిజులా, ఫిలిప్పీన్స్, ఇటలీలోని సార్డీనియాలలోనూ ఉంది. అక్కడ కొన్నిచోట్ల చుట్టకు బదులు సిగరెట్.

కారణం తెలిశాక మాన్పించగలమా అన్న ప్రశ్న మిగిలింది. 1970ల చివర ప్రకాశ్ గుప్తా, మెహతా, పిండ్‌బోర్గ్ బృందం ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఒక్కొక్కరితో మాట్లాడుతూ, సినిమాలు, పోస్టర్లు చూపిస్తూ, ఏటా నోరు పరీక్షిస్తూ వచ్చింది. ఐదేళ్ల ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వెలువడ్డాయి. ఈ ప్రచారం వల్ల కొందరు పొగాకు మానేశారు, మరికొందరు తగ్గించారు. మానినవారిలో, బాగా తగ్గించినవారిలో తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది.