మన్యం యువత, వృత్తి శిక్షణ: అనాసక్తా, లెక్కా?

ఏజెన్సీ పిల్లలకు చేతిపని నేర్చుకోవాలన్న ఆసక్తి లేదన్నది అధికారుల నోట తరచూ వినిపించే మాట. పోడు కొట్టి, అడ్డాకులు కుట్టి, కాఫీ పళ్లు ఏరి పెరిగినవాళ్లు చేతిపనిని చిన్నచూపు చూస్తారనడం విడ్డూరమే.

ఇలాంటి వాదనకు విద్యా సామాజికశాస్త్రవేత్త ఫిలిప్ ఫాస్టర్ 1965లోనే జవాబు చెప్పాడు. వృత్తి పాఠశాలలు తెరిచినంత మాత్రాన యువత కోరికలు మారవనీ, జీతం, భద్రత ఎటుంటే అటే మొగ్గుతాయనీ ఘనా అనుభవం ఆధారంగా ఆయన తేల్చాడు. గుమాస్తా కొలువుకు దారితీసే మామూలు చదువే అక్కడ అసలైన వృత్తి విద్య అన్నది ఆయన వాదనకు ఆయువుపట్టు.

పాడేరు, సీతంపేట, ఉట్నూరు ప్రాంతాలకు ఈ వాదన చక్కగా వర్తిస్తుంది. 2000 జనవరి 10 నాటి జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. ఇంటర్ తర్వాత చేసే రెండేళ్ల డీఎడ్ కూడా వృత్తి శిక్షణే కదా! దాని విషయంలో 'ఆసక్తి లేదు' అన్న ఫిర్యాదు పెద్దగా వినిపించలేదు. ఇంటికి దగ్గరి బడిలో కొలువు దొరుకుతుందన్న నమ్మకమే కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. దాని పునరుద్ధరణ కోసం మన్యంలో జరిగిన బంద్‌లను రిజర్వేషన్ల గొడవగానే చూశాం. ఎలాంటి శిక్షణ కావాలో యువత చెబుతున్న మాట కూడా వాటిలో ఉంది.

ఇక ఊరికి దూరంగా కొలువు చూపే శిక్షణ సంగతి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ ఉచితం. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకే. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి, అందులో మూడు నెలలు కొనసాగితే ప్లేస్‌మెంట్ కింద లెక్క. చిక్కంతా ఈ మూడు నెలల దగ్గరే. శిక్షణ సంస్థ లెక్క ముగిసేచోట కుర్రాడి లెక్క మొదలవుతుంది. గది అద్దె, మెస్ ఖర్చు, బస్సు ఛార్జీలు పోను మిగిలేదెంత? ఇటుకల పండక్కి సెలవిస్తారా? కాఫీ కోత కాలంలో ఇంట్లో ఒక మనిషి తగ్గితే నష్టమెంత? ఆడపిల్ల అయితే హాస్టల్ భద్రత మాటేమిటి? ఇవన్నీ బేరీజు వేసుకుని ఊరికి తిరిగొచ్చినవాణ్ణి రిపోర్టులో 'డ్రాపౌట్' అని రాస్తారు.

ఐటీఐల్లోనూ యువతది ఈ లెక్కే. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్‌లకు గిరాకీ ఎక్కువ. రైల్వేలో, విద్యుత్ సంస్థల్లో కొన్ని పోస్టులకు ఆ సర్టిఫికెట్లే అర్హత మరి.

యువత దృక్పథం మార్చాలంటూ కౌన్సెలింగ్ సభలు పెట్టడం దండగ. ఏడాది తర్వాత ఎందరు ఉద్యోగంలో ఉన్నారు, నెలకు చేతిలో ఎంత మిగిలింది అన్న రెండు అంకెలను సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) మండలాలవారీగా ప్రకటించాలి. ఏ కోర్సుకు వెళ్లాలో ఆ అంకెలు చూసి పిల్లలే తేల్చుకుంటారు.