సగం ఆట పెట్టెలోనే ఉంది



పోయిన నెల మన సంఘం సభ్యురాలు ఒకావిడ ఫోన్ చేశారు. ఇంటికి రంగులు వేయిస్తూ అటక దింపితే, వాళ్ల పెద్దబ్బాయి అమెరికాలో చదువుకునే రోజుల్లో కొని తెచ్చుకున్న కంప్యూటర్ ఆటల పెట్టెలు బయటపడ్డాయట. మొత్తం ముప్పై ఒకటి. ఆ అబ్బాయి పోయి ఆరేళ్లయింది. "పాత పేపర్లవాడు కిలో లెక్కన తీసుకుంటానన్నాడు నాయనా, నాకు మనసొప్పలేదు. మన లైబ్రరీలో పెట్టుకుంటారా?" అని అడిగారు.

కమిటీలో చెబితే కొందరు నవ్వారు. ఫ్లాపీ పెట్టే కంప్యూటరే లేదు, ఈ డబ్బాలెందుకు అన్నారు. నిజం చెప్పాలంటే మాకూ మొదట అలాగే అనిపించింది. పెట్టెలు తెచ్చి ఒక్కొక్కటీ తెరిచి చూశాక, వాటి చరిత్ర చదివాక మనసు మారింది. అందుకే ఈ పొడుగాటి పోస్టు. కాస్త ఓపిక పట్టండి.

అసలు మొదట్లో ఈ ఆటలకు పెట్టెలే లేవు. 1980 ప్రాంతంలో టెక్సాస్‌లో రిచర్డ్ గారియట్ అనే కుర్రాడు ‘అకలబెత్’ అనే ఆట రాశాడు. వాళ్లమ్మ గీసిన బొమ్మను అట్టగా పెట్టి, వంటింట్లో వాడే జిప్ సంచుల్లో వేసి, తాను పనిచేసే కంప్యూటర్ దుకాణంలోనే అమ్మాడు. కాలిఫోర్నియాలో కెన్, రాబర్టా విలియమ్స్ దంపతుల ‘మిస్టరీ హౌస్’ కూడా 1980లో అలాంటి సంచుల్లోనే వచ్చింది. ఆ సంచులను దాచినవాళ్లు బహు తక్కువ.

పెట్టెకు ప్రాణం పోసింది మసాచుసెట్స్‌లోని ఇన్ఫోకామ్ కంపెనీ. వాళ్ల ఆటల్లో అప్పట్లో బొమ్మలుండవు, తెరమీద అక్షరాలే. 1982లో ‘డెడ్‌లైన్’ అనే హత్యకేసు ఆట తయారుచేస్తుంటే కథంతా ఫ్లాపీలో పట్టలేదు. ఆనాటి ఫ్లాపీ అంటే ఇవాళ మనం ఫోన్లో పంపుకునే ఒక్క ఫోటోకు కూడా చాలని చోటు. అందుకని సాక్షుల వాంగ్మూలాలు, లేబొరేటరీ రిపోర్టు, శవం దొరికిన గది ఫోటో, చిన్న సంచిలో మాత్రలు, అన్నీ పెట్టెలో పెట్టారు. ఆడేవాడే డిటెక్టివ్. ఆధారాలు తెరమీద కాదు, చేతిలో ఉంటాయి. జనానికి ఇది తెగ నచ్చింది. అక్కణ్ణుంచి ప్రతి ఆటకూ ఏదో ఒకటి పెట్టారు. 1984లో వచ్చిన ‘హిచ్‌హైకర్స్ గైడ్’ ఆటలోనైతే ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో కంటికి కనబడనంత చిన్న అంతరిక్ష నౌకల దండు ఉందని చమత్కారం. పాత పేపర్లవాడి దాకా ఎందుకు, దాన్ని మనమే ముందు చెత్తబుట్టలో వేస్తాం!

ఇందులో వ్యాపారమూ ఉంది. ఫ్లాపీని ఎవడైనా కాపీ చేస్తాడు, మాత్రల పొట్లాన్నీ పటాన్నీ కాపీ చేయలేడు కదా. 1990లో వచ్చిన ‘మంకీ ఐలాండ్’ పెట్టెలో గుండ్రంగా తిరిగే అట్టచక్రం ఉండేది. తెరమీద కనబడిన దొంగ ముఖాన్ని చక్రం తిప్పి కలిపి, అందులో వచ్చిన అంకె కొడితేనే ఆట మొదలవుతుంది. చక్రం పోతే ఫ్లాపీ బాగున్నా లాభం లేదు. తాళం ఉంది, చెవి లేదు.

ఇక స్టీఫెన్ క్యాబ్రినెటీ సంగతి. చిన్నప్పటి నుంచే ఆటలు, సాఫ్ట్‌వేర్ పెట్టెలతో సహా కూడబెట్టినవాడు. ఇవన్నీ పోతాయని అందరికంటే ముందు గ్రహించి, 1989లో వీటిని కాపాడటానికే ఒక సంస్థ పెట్టాడు. 1995లో జబ్బుచేసి పోయాడు. వయసు 29 ఏళ్లు. ఇంటివాళ్లు ఆ పెట్టెలను అమ్ముకోలేదు, విడగొట్టలేదు. 1998లో అవి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లైబ్రరీకి చేరాయి. సుమారు 15 వేల సాఫ్ట్‌వేర్ ప్యాకెట్లు. తరవాత అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ, మేరీలాండ్‌లోని తన ప్రయోగశాలకు వాటిని తెప్పించుకుని, ఫ్లాపీల్లో ఉన్నది కాపీ తీసి, పెట్టెలకు ఫోటోలు తీసింది. ఆ సంస్థకు ఇందులో పనేమిటంటే, పోలీసులు పట్టుకున్న కంప్యూటర్లలో ఏ ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌దో గుర్తుపట్టే ఒక జాబితా వాళ్లు నడుపుతారు. చరిత్రను కాపాడే పని ఎవరి అవసరంతోనో ముడిపడితే గాని సాగదేమో అనిపించింది మాకు.

కాపీ తీశారు కదా అని అందరికీ ఇచ్చెయ్యడానికి లేదు. కంపెనీలు మూతపడ్డా హక్కులు ఎవరో ఒకరి పేర ఉంటాయి. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. లైబ్రరీలు వాటిని దూరం నుంచి ఆడుకోనిచ్చేందుకు అడిగిన మినహాయింపును 2024లో అక్కడి కాపీరైట్ కార్యాలయం కాదన్నది. అంటే చాలా ఆటలకు ఎవరి అటకమీదో ఉన్న పెట్టే దిక్కు.

ఆ అటకే వాటికి యముడు. మన మద్రాసు ఎండకు కప్పు కింద అటక పెనంలా కాలుతుంది, కార్తీకం వానలకు చెమ్మ పడుతుంది. ఫ్లాపీ లోపలి నల్లటి బిళ్లమీద బూజు తెల్లటి చుక్కలుగా పడుతుంది. అది చూసుకోకుండా డ్రైవులో పెడితే బిళ్లా గీసుకుపోతుంది, డ్రైవూ పాడవుతుంది. కాబట్టి ఆడి చూద్దామన్న తొందర వద్దు. ఈ ముప్పై ఒకటిలో నాలుగింటికి బూజు కనబడింది, వాటిని వేరుగా పెట్టాం.

రబ్బరుబ్యాండ్లు కరిగి కాగితానికి అంటుకున్నాయి. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీశాం, పాత సెల్లోటేపు జోలికి మాత్రం పోలేదు, లాగితే అట్టమీది బొమ్మ ఊడొస్తుంది. రెండు పెట్టెలకు దుకాణంలో వేసిన ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. విప్పకపోతే విలువెక్కువ అంటారు గాని, ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుని అట్టను వంచేస్తుంది. ఇక్కడ మాలో మాకే వాదన. ఇప్పటికైతే విప్పలేదు. నాఫ్తలీన్ ఉండలు వేద్దామన్న పెద్దాయనకు దణ్ణం పెట్టి వద్దన్నాం, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌కు పడదు. మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు, కొన్నాళ్లకు జిడ్డుదేలి అచ్చుకు అంటుకుంటాయి. స్టీలు బీరువా, అదీ బయటి గోడకు ఆనించకుండా. పెట్టెమీద పెట్టె పేర్చకుండా నిలబెట్టి, మధ్యలో చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు. పొట్లాలు పెట్టి మరిచిపోతే పెట్టనట్టే, నెలనెలా మార్చాలి. తంజావూరు సరస్వతీ మహల్లో మన తెలుగు తాళపత్రాలు ఇవాళ ఉన్నాయంటే, తరాల తరబడి ఎవరో ఒకరు కట్టలు విప్పి చూసి మళ్లీ కడుతూ వచ్చారు కాబట్టే. ఆ నెలనెలా పనికి ఇద్దరు కావాలి. పేరు ఇవ్వండి.

ఒక పెట్టెలో గళ్ల కాగితంమీద పెన్సిలుతో గీసిన పటం దొరికింది. ఆ రోజుల్లో ఆడేవాళ్లు గుహల దారులు ఇలా చేత్తోనే గీసుకునేవారు. గదుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక మూల మాత్రం తెలుగులో "ఇటు పోతే చస్తాం" అని రాసి ఉంది. ఆవిడకు చూపిస్తే చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పెట్టెలో దొరికింది పెట్టెతోనే ఉండాలని పద్ధతి. పటం ఆవిడకే ఇచ్చేశాం. పెట్టెలో జిరాక్స్ పెట్టి, అసలు ఎవరి దగ్గరుందో రిజిస్టరులో రాశాం.