గానుగ పశువు, కూర కుండ: లెచ్చె ఊరి కథ

లెచ్చెకు వచ్చే యాత్రికులు సాంతా క్రోచె చర్చి ముందు నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా ఆ రాతి చెక్కడాలు చూస్తారు. 1549లో మొదలైన ఆ కట్టడం 1695కి గానీ పూర్తి కాలేదు. ఆ మెత్తటి తేనెరంగు రాయి కుర్సి, మెల్పిన్యానో ఊళ్ల దగ్గర తవ్వే రకం. దాన్ని మలిచిన శిల్పుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బండ్లు లాగిన పశువుల సంగతి ఎక్కడా రాసి లేదు. అది ఈ ఊరి వంటలో మిగిలిందని నా నమ్మకం. ‘పెత్సెత్తి ది కవాల్లో’ అంటే టమాటా గుజ్జులో గంటల తరబడి మగ్గిన గుర్రపు మాంసం ముక్కలు. ఇక్కడి పాతకాలపు భోజనశాలల్లో తరచుగా కనిపించే కూర ఇది.

ఇటలీ మడమ భాగమైన ఈ సలెంతో ప్రాంతం సున్నపురాతి నేల. నదులు లేవు, పచ్చిక బీళ్లు తక్కువ. ఆవు మాంసం ఉన్నవాళ్ల తిండి. కూలి కుటుంబాలు బాకలా గింజలు, శనగలు, బార్లీ రొట్టెలతో కడుపు నింపుకునేవి. గుర్రం, గాడిద, కంచరగాడిద మాత్రం వాళ్ల వాకిట్లోనే ఉండేవి. దున్నినా, బరువు మోసినా, బండి కట్టినా వాటితోనే.

వాటి చాకిరీలో నన్ను బాగా కలచివేసేది నేల కింద సాగిన పని. సలెంతో అంతటా రాతిని తొలిచి కట్టిన గానుగలున్నాయి. గల్లీపోలి రేవు నుంచి దూరదేశాల దీపాలకు ఎగుమతైన ఆలివ్ నూనె చాలావరకు అలాంటి చోట్ల ఆడినదే. శీతకాలమంతా గాడిదో కంచరగాడిదో ఆ చీకట్లో, పొగలో రాతి చక్రం చుట్టూ తిరిగేది. మనుషులూ నెలల తరబడి అక్కడే పడుకునేవారు. ఇప్పుడు వాటిలో కొన్నింటిని చూడనిస్తున్నారు. నున్నగా అరిగిన ఆ రాతి నేలను చూడకుండా ఈ కూర గురించి మాట్లాడకూడదు.

అప్పట్లో మాంసం కోసం గుర్రాన్ని పెంచే రైతు అరుదు. కాలు విరిగితేనో, ముసలిదై బండి లాగలేకపోతేనో అది కసాయి దగ్గరికి వెళ్లేది. క్రైస్తవులు గుర్రపు మాంసం తినకుండా చూడమని పోప్ మూడవ గ్రెగరీ 732లో మతప్రచారకుడు బోనిఫేస్‌కు లేఖ రాశాడు. అది జర్మనీ ప్రాంతంలోని పాత మతాచారాల మీద గురి. పేదరికం ఆ మాట విన్నట్టు లేదు. పైగా మిగతా మాంసం కంటే ఇది చవక.

ఏళ్ల తరబడి బరువు లాగిన కండ ఒక పట్టాన ఉడకదు. వంట పద్ధతి అంతా దాన్నిబట్టే ఏర్పడింది. మెడ, భుజం ముక్కలను ముందు ఉల్లిపాయ, సెలరీ, క్యారెట్, లారెల్ ఆకు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పైకి తేలే నురగను ఓపిగ్గా తీసేస్తారు. తరువాత ఆలివ్ నూనెలో ఉల్లిపాయలు వేయించి, టమాటా గుజ్జు, ఎండలో చిక్కబడిన టమాటా ముద్ద, ఎండుమిరపకాయ వేసి, అందులో ముక్కలు కలుపుతారు. మన అమ్మలు డాబా మీద వడియాలు పెట్టినట్టే ఇక్కడివాళ్లు వేసవిలో ఆ ముద్దను పళ్లాల్లో పరిచి ఎండబెట్టేవారు.

ఉడికించే పాత్ర పిన్యాత. కుత్రొఫియానో కుమ్మరులు చేసే మట్టి కుండ ఇది. రెండు పిడులూ ఒకే వైపు ఉంటాయి. రెండోవైపు నిప్పుకు ఆనించి వదిలేస్తే, ఇంట్లోవాళ్లు పొలం పని చూసుకు వచ్చేసరికి కూర సిద్ధం. రెండు మూడు గంటలు సన్నని సెగ మీద ఉంచితే గుజ్జు ముదురు ఎరుపుకు తిరిగి, నూనె అంచులకు తేలుతుంది. గుర్రపు మాంసంలో సహజంగానే కొంచెం తీపి ఉంటుంది. మిరపకాయ కారం దానికి సరిజోడు. గుజ్జును రొట్టెతో తుడిచి తినాలి, పక్కన నెగ్రోఆమారో ద్రాక్షసారా.

గుర్రపు మాంసానికి వేరే దుకాణాలు ఉండేవి. 1928 నాటి ప్రభుత్వ నిబంధనలు ఆ ఏర్పాటును తప్పనిసరి చేశాయి. ఇనుము ఎక్కువని, రక్తం తక్కువైన పిల్లలకు పెట్టమని వైద్యులు చెప్పేవారు. అందువల్ల కలిగినవాళ్లూ ఆ గుమ్మం తొక్కారు.

1950ల తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. బండ్లు తోలేవాళ్లు ఫ్యాక్టరీ పనికి తురినో, మిలాన్ వెళ్లిపోయారు. వాకిళ్లలో గుర్రం లేదు, కూర మాత్రం నిలిచింది. ఇప్పుడు వధించే గుర్రాల్లో చాలా భాగం పోలండ్ లాంటి దేశాల నుంచి లారీల్లో వస్తుంది.

గుర్రపు వధను నిషేధించాలని ఇటలీ పార్లమెంటులో బిల్లులు పెట్టారు. ఆ మాట ఎత్తితే నాకు తెలిసిన పెద్దవాళ్లు ఇది మా తాతల తిండి అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ తాతల గుర్రానికి ఒక పేరుండేది. అది ఈ ఊరి గడ్డి తిని, ఈ ఊరి పని చేసి, ఇక్కడే పోయేది. లారీలో దేశాలు దాటి, దాహంతో అల్లాడుతూ వచ్చే పశువుకు ఆ సంప్రదాయం పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. నిషేధం కంటే ముందు ఆ ప్రయాణాలు ఆగాలి. ఆపమని అందరికంటే గట్టిగా అడగాల్సింది ఈ కూరను ప్రేమించే లెచ్చె వాళ్లే.

మా పక్కింటి పెద్దావిడ మాంసం కొనే ముందు ఆ గుర్రం ఎక్కడ పుట్టిందని అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే ఆ ఆదివారం పిన్యాతలో శనగలు ఉడుకుతాయి.