ఎవరి కంటబడుటకు ఈ శిలాగృహములు?

దక్కను పీఠభూమిలో ఇనుము వాడుక నెలకొన్న కాలపు జనులు, తమ మృతులకై రాతిపలకలతో గూళ్ళు కట్టి, గుండ్లతో వలయములు పేర్చి, ఒక్కొక్కచోట వందలకొలదిగా విడిచిపోయిన సమాధులను మన పల్లెలవారు రాక్షసగుళ్ళనియు, పాండవగుళ్ళనియు తరతరాలుగా పిలుచుచున్నారు. వానిని త్రవ్వినవారు లోపల దొరకిన ఎముకలను, నలుపు ఎరుపు కలిసిన కుండలను, ఇనుప పనిముట్లను శ్రద్ధతో లెక్కవ్రాసిరే గాని, ఆ కట్టడమును ఆ గుట్టమీదనే, ఆ వాలుననే ఏల నిలిపిరను ప్రశ్న చాలకాలము ప్రక్కన పడియుండెను. ఎత్తైన తావున నున్నది గనుక నలుదెసలవారికి కనబడుటకే కట్టిరని చెప్పి ఊరకుండుట సులభము. ఆ సమాధానము నాకు రుచింపదు.

హిరేబెనకల్లును చూడుడు. నేడు కర్ణాటకమున కొప్పళ జిల్లాలో, గంగావతికి సమీపమున నున్న ఈ స్థలము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఇచ్చట దాదాపు 400 కట్టడములు కలవు. 2021లో ఈ స్థలము యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కినది. కొన్ని శిలాగృహములు నిలువెత్తు మనిషిని మించినవి, ముఖమున గుండ్రని రంధ్రము గలవి. అయినను ఆ కొండరాతినే పలకలుగా చీల్చి, ఆ కొండపైననే, ప్రకృతిసిద్ధములైన గుండ్ల నడుమ నిలిపినందున, దిగువ పొలములలో నిలిచినవానికి మానవుడు పేర్చిన రాయి యేదో, దానంతటది పడియున్న రాయి యేదో తెలియుట కష్టము. పైకెక్కి, బండల సందులు దాటి, రాయి తీసిన గుంటలో నిలిచిన నీటిమడుగు చెంతకు చేరినవానికే ఆ మృతనగరము ఒక్కుమ్మడిగా ప్రత్యక్షమగును. దారిన పోవువానికి గాక, ఉద్దేశించి వచ్చినవానికే దర్శన మిచ్చు స్థలమిది. అచ్చటనే ఎత్తైన గుండుమీద భేరివలె మలచిన పెద్దరాయి యొకటి కలదు. కొట్టినచో దాని మ్రోత చాలదూరము వినవచ్చునందురు. కంటికి మరుగైన తావు చెవికి అందుచుండెనేమో!

భూమిలో దింపిన రాతిపెట్టెల సంగతి వేరు. 1947లో పురాతత్త్వవేత్త మోర్టిమర్ వీలర్ బ్రహ్మగిరివద్ద త్రవ్వించిన సమాధులలో, స్వస్తికపు తీరున ఒకదానినొకటి ఆనుకొను పలకలు, వానిలో నొకదానికి రంధ్రము, ఇంతటి నేర్పుతో కూర్చినదంతయు మట్టిక్రింద మరుగుపడి, పైన రాళ్ళ వలయము మాత్రమే మిగిలెను. దూరమునుండి ఎవరో చూచి వెరగందవలెననియే శ్రమించిన వారైనచో, ఆ శ్రమలో సగమును ఇట్లు పాతిపెట్టుదురా?

ఇంగ్లండులో ఈ విషయమును గణించి చూచినవారున్నారు. మనవానికంటె ఎంతో ప్రాచీనములైన అచ్చటి పొడవాటి మట్టిదిబ్బల సమాధులను గూర్చి డేవిడ్ వీట్లీ అను పండితుడు 1995లో కంప్యూటరు సాయమున లెక్కగట్టగా, స్టోన్‌హెంజి పరిసరముల దిబ్బలు ఒకదానికొకటి కనబడుట యాదృచ్ఛికము కాదనియు, కొలది దూరములోనే యున్న ఏవ్‌బరీ ప్రాంతమున అట్టి లక్షణము తేలదనియు కనుగొనెను. ఒకే దేశమున, ఒకే తీరు కట్టడములలో, చూపునకు గల విలువ ప్రాంతమును బట్టి మారినపుడు, దక్కను అంతటికిని ఒకే సూత్రము గట్టబూనుట సాహసము.

నలుదెసలకు కనబడవలెనని నిలిపినది ఏదైన ఉన్నదన్నచో అది ముడుమాల. నారాయణపేట జిల్లాలో కృష్ణానది చేరువ, బయలున నిటారుగా లేచిన ఆ నిలువురాళ్ళను దాచుటకు చుట్టును గుండ్లు లేవు. ఇప్పటికిని గ్రామస్థులు వానిని నిలురాళ్ళ తిమ్మప్పయని కొలుచుచున్నారు. రాయిని పడవేయుటకును నిలువబెట్టుటకును నడుమనున్న శ్రమ భేదమును తలచినచో, ముడుమాల వారికి చూపు ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

హైదరాబాదు చుట్టుపట్ల సమాధులను గూర్చి ఇ. హెచ్. హంట్ 1924లో వ్యాసము ప్రకటించునాటికి అవి బయళ్ళలో నుండెను. నేడు హష్మత్‌పేటలో మిగిలినవానిని ఇండ్లు చుట్టుముట్టినవి. వలయమునకు కంచె వేసినచో రాళ్ళు నిలుచును. అచ్చటినుండి ఏ గుట్ట కనబడెనో, ఏ నీటిపట్టు కనబడెనో, ఏ త్రోవ దాని ప్రక్కగా సాగెనో, కంచె కాపాడలేదు. చిత్తూరు జిల్లా కొండలమీదను, ములుగు అడవుల అంచులను నేటికిని బయలు మిగిలియున్నచోట్ల కొలతగాండ్రు సమాధి పొడవు వెడల్పులతోపాటు ఈ మూడింటినిగూడ వ్రాసికొనుట మేలు. రాతిగనులవారి యంత్రములు చాల గుట్టల చెంతకు వచ్చియున్నవి.