షాఫ్టు చూడీల వెనుక కథ: ఇంచా, ఎంఎమ్మా?

కోతలు అయిపోయి ట్రాక్టర్లు రిపేర్లకు పోయే టైమ్‌ల జగిత్యాల లేత్ షాపుల కాడ "షాఫ్టుకు చూడీలు పోయినయ్" అనే మాట ఎక్కువ వినపడ్తది. నట్టు సగందాక ఎక్కి పట్టేస్తది, పానాకు పైపు తొడిగి తిప్పితే చూడీలు గీరుకపోతయ్. బలం ఎక్కువైతే ఇట్ల అయితదని మనం అనుకుంటం. చాలాసార్లు అసలు గొడవ కొలతల ఉంటది.

ఒకప్పుడు ఇంగ్లండ్‌ల ఏ కార్ఖానా చూడీ ఆ కార్ఖానాదే. ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకు పట్టకపోయేది. 1800 ప్రాంతంల హెన్రీ మాడ్‌స్లే సరైన చూడీలు కోసే లేత్ తయారు చేసిండు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841ల అందరికీ ఒకటే లెక్క ఉండాలన్నడు. చూడీ కోణం 55 డిగ్రీలు, అర్ధంగుళం బోల్టుకు అంగుళానికి 12 చూడీలు. అమెరికాల విలియం సెల్లర్స్ 1864ల 60 డిగ్రీలు అన్నడు, అదే బోల్టుకు 13 చూడీలు పెట్టిండు. తేడా ఒక్క చూడీయే, కానీ రెండో ప్రపంచ యుద్ధంల ఒకరి మిషన్లకు ఇంకొకరి సామాను పట్టక తిప్పలైంది. ఆఖరికి 1948ల అమెరికా, బ్రిటన్, కెనడా ఒక్క లెక్కకు వచ్చినయ్.

ఇంకో విచిత్రం చూడుండ్రి. ఇంగ్లండ్ మోరిస్ కంపెనీ 1923ల కొన్న ఇంజన్ కార్ఖానా ఫ్రెంచోళ్ళది. అండ్ల మిషన్లు ఎంఎం చూడీలే కోసేవి. అందుకే పాత ఎంజీ స్పోర్ట్స్ కార్ల ఇంజన్ బోల్టులకు చూడీ ఎంఎం, తల మాత్రం ఇంగ్లీషు పానాకు పట్టేటట్టు ఇంచు కొలత! ఆ కార్లు బాగుచేసేటోళ్ళు ఇప్పటికీ దాంతోని తల పట్టుకుంటరు.

మన దేశంల 1956ల మెట్రిక్ చట్టం వచ్చింది. కానీ ట్రాక్టర్ డిజైన్లు బయట నుంచే వచ్చినయ్. 1960ల మద్రాసుల మాస్సీ ఫెర్గూసన్‌తోని టాఫే మొదలైంది, ఆ పాత మోడళ్ళల్ల ఇంచు చూడీలే ఎక్కువ. మన పీటీఓ షాఫ్టు ఇప్పటికీ అంగుళం మూడు నూళ్ళే, ఆరు పళ్ళు. ఒకే షెడ్డుల రెండు లెక్కల బండ్లు ఉంటే డబ్బాల బోల్టులు కలిసిపోతయ్. 12 ఎంఎం బోల్టు అర్ధంగుళం నట్టుల వదులుగా కొన్ని చూడీలు పోతది, తర్వాత పట్టేస్తది. అక్కడ ఆపి వెనుకకు తిప్పాలె.

మొదటి ఒకటి రెండు చూడీలే దెబ్బతింటే డై తిప్పిగానీ మూడు మూలల ఆకురాయితోగానీ సాపు చేయొచ్చు. బోల్టు బొక్కల చూడీలు పోతే పెద్ద ట్యాపు కొట్టి స్ప్రింగు లాంటి తీగ చూడీ, అదే హెలికాయిల్, ఎక్కిస్తరు. ఇరుసు షాఫ్టు కొస పూర్తిగా పోతే కొందరు వెల్డింగ్ నింపి మళ్ళ చూడీ కోస్తరు. గట్టిపరచిన ఉక్కుకు ఆ వేడి పడదు, వెల్డింగ్ అంచు కాడ పగులు మొదలైతది. వడ్ల లోడు ట్రాలీతోని రోడ్డు మీద చక్రం ఊడితే పోయేది షాఫ్టు ఖర్చు కాదు, మనిషి. బరువు మోసే షాఫ్టు అయితే కొత్తదే వేయించుండ్రి.

షాఫ్టు ఊడగొట్టేటప్పుడు కొస మీద సుత్తెతోని కొట్టొద్దు, నట్టును కొసకు సమానంగా తిప్పి ఉంచి చెక్క అడ్డం పెట్టి కొట్టుండ్రి. లేత్ షాపుకు షాఫ్టు ఒక్కటే తీస్కపోవద్దు, దాని నట్టు కూడా పట్టుకపోండ్రి. మేస్త్రి గేజు పెట్టి ఇంచా ఎంఎమ్మా నిమిషంల చెప్తడు.