రొయ్యల చెరువు గట్టున నిద్రపట్టని రాత్రి

రాత్రి పదకొండు దాటింది. నాగాయలంక దగ్గర, రొయ్యల చెరువుల మధ్య డాబా ఇల్లు. వెనక గదిలో మీరు కూర్చున్నారు. కిటికీ అవతల ఏరియేటర్లు నీళ్ళను చరుస్తూనే ఉన్నాయి. గట్టు మీద స్తంభానికి కట్టిన ఎల్‌ఈడీ దీపం వెలుగు తెల్లగా, నేరుగా మంచం మీద పడుతోంది. మంచం మీద నలభై దాటిన ఇల్లాలు. వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని, సగం కూర్చుని సగం పడుకుని ఉంది. మూడు రోజుల కిందట విజయవాడలో ఆమెకు బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ అయింది. ఈ సాయంత్రమే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా కారులో తీసుకొచ్చారు. గుంత వచ్చినప్పుడల్లా దిండును పొట్టకు అదుముకుంటూ వచ్చింది.

పొట్ట మీద కనిపించేవి చిన్న చిన్న గాట్లే. లోపల మాత్రం జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేశారు. మిగిలింది అరటిపండంత సన్నటి గొట్టం. కానీ ఇప్పుడామె చేయి పొట్ట మీద లేదు, భుజం మీద ఉంది. ఆపరేషన్ కోసం పొట్టలోకి నింపిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల కిందనున్న కండర పొరను రేపింది. ఆ పొర నుంచి, భుజం నుంచి వచ్చే నరాలు వెన్నులో ఒకే చోట చేరతాయి గనక, అక్కడి నొప్పి భుజంలో తెలుస్తుంది. పగలు నాలుగడుగులు నడిస్తే సర్దుకున్న నొప్పే, రాత్రి రెండింతలుగా ఉంది.

"మెల్లగా అక్కా, గుటకకీ గుటకకీ మధ్య ఆగు." గుడివాడ నుంచి వచ్చిన చెల్లెలు 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పుతో వడగట్టిన పప్పుకట్టు పట్టిస్తోంది. ఆ కప్పు ఖాళీ కావడానికి పావుగంట పడుతుంది. మీరు గడియారం చూస్తారు. ఆమె కూడా చూస్తుంది.

పక్కింటావిడ తలుపు తోసుకుని వస్తుంది. చేతిలో డైక్లోఫెనాక్ స్ట్రిప్. "ఇదొకటి వేసుకో వదినా, నా మోకాళ్ళకి దీంతోనే తగ్గింది." మన ఊళ్ళలో ప్రేమ ఇలాగే వస్తుంది, చేతిలో ఒక బిళ్ళతో. చెల్లెలు ఆ స్ట్రిప్పును మర్యాదగానే వెనక్కి ఇచ్చి డిశ్చార్జి షీటు చూపిస్తుంది. ఆ జాతి నొప్పి బిళ్ళలు జీర్ణాశయపు లోపలి పొరకు ఉండే రక్షణను తగ్గిస్తాయి. కొత్తగా కోసి కుట్టిన చోట పుండు పడితే రక్తం కారవచ్చు. బరువు తగ్గడానికే గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ, అదీ ఏళ్ళ తరబడి. షీటులో రాసిందల్లా పారాసిటమాల్ సిరప్, నొప్పి వచ్చాక కాదు, గంట చూసుకుని.

పోనీ బలమైన మందు? మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి నొప్పిని అణుస్తాయి, ఊపిరిని కూడా మందగింపజేస్తాయి. భారీకాయం ఉన్నవాళ్ళలో చాలామందికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటుంది, ఈమెకూ ఉంది. అందుకే మూలనున్న బల్ల మీద, మాస్కు గుండా గాలి పంపే గురక మిషన్ పెట్టారు. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. ఇంట్లో ఎవరి కోసమో తెచ్చినది మిగిలుందని తీసి వేసేది కాదు.

ఇప్పుడు కిటికీ వైపు చూడండి. చీకటి పడితే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. నడిరాత్రి దాటాక అది ఉచ్చస్థాయికి చేరుతుంది. కంటి మీద వెలుగు పడితే తగ్గిపోతుంది. దీన్ని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన చర్మవైద్యుడు, వెతికింది నిద్ర కోసం కాదు, కప్ప చర్మాన్ని తెల్లబరిచే పదార్థం కోసం. పెద్ద ఆపరేషన్ అయిన రాత్రి ఒంట్లో మెలటోనిన్ తగ్గుతుందని తరువాతి పరిశోధనల్లో కనిపించింది. నిద్ర చెడితే నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. నొప్పి మళ్ళీ నిద్రను చెడగొడుతుంది. ఈ వలయాన్ని మెలటోనిన్‌తో తెంచవచ్చా అని వైద్యులు పరీక్షించారు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో బరువు తగ్గించే (బేరియాట్రిక్) ఆపరేషన్‌కు ముందు మెలటోనిన్ ఇచ్చినవాళ్ళు మెరుగ్గా కోలుకున్నారు. రకరకాల ఆపరేషన్ల మీద జరిగిన పరీక్షల్లో కొన్నిట్లో నొప్పి మందు వాడకం తగ్గింది, కొన్నిట్లో తేడా రాలేదు. కాబట్టి ఇది నొప్పి మందుకు తోడే గానీ బదులు కాదు. ఏం తాగాలో, ఎంత నడవాలో నూరిపోసే మనం ఆ రాత్రి గది ఎలా ఉండాలో ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు పెద్ద లోపంగానే కనిపిస్తుంది.

చెల్లెలు లేచి పాత దుప్పటిని కిటికీకి మేకులతో బిగిస్తుంది. ఫోను తీసుకుని అవతల గదిలో పెడుతుంది. గురక మిషన్ మాస్కు పట్టీలు సరిచేస్తుంది. ఆ తరువాత చేసేది అన్నిటికంటే ముఖ్యం: అక్క మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెడుతుంది. తొంభై రెండు. నాడి 120 దాటి అలాగే నిలిచినా, జ్వరం వచ్చినా, నొప్పి ఉన్నట్టుండి పెరిగి ఆయాసం తోడైనా అది గ్యాసు నొప్పి కాకపోవచ్చు. కుట్టిన చోట లీకు అయి ఉండొచ్చు. అప్పుడు నిద్ర మందు వెతకకూడదు, కారు తీయాలి.

పొద్దున్నే ఫోనులో డాక్టరు గారు ముందు అడిగింది నాడి, జ్వరం, తాగిన నీళ్ళ లెక్క, మాస్కు పెట్టుకుందా లేదా అన్నవే. అన్నీ విన్నాక, కొద్ది రోజుల పాటు పడుకునే ముందు తక్కువ మోతాదు మెలటోనిన్ వేసుకోవచ్చన్నారు, పారాసిటమాల్ మాత్రం ఆపొద్దని. చీటీ వాట్సాప్‌లో వచ్చింది. కొడుకు అవనిగడ్డ వెళ్ళడానికి బండి తీస్తుంటే పిన్ని గుమ్మంలోంచి కేకేసింది.

"ఒరేయ్, షాపులో ఇంకేదన్నా మంచిదని ఇస్తే తేకు. చీటీలో ఉన్నదొక్కటే. వచ్చేటప్పుడు కిటికీకి మందంగా ఉండే కర్టెన్ గుడ్డ కూడా పట్రా."